రేగవలస రేవు శాసనం

సారిపేట మండలానికి చరిత్ర లేదు. గిట్టనివాళ్లెవరో అన్న మాట కాదిది. రేగవలస పంచాయతీ కార్యదర్శి లోకనాథం స్వయంగా విచారించి, సంతకం చేసి, స్టాంపు కొట్టి మరీ పైకి పంపిన మాట.

ఆ ఏడు ప్రభుత్వం వారికి ఒక ఉత్సాహం పుట్టింది. ప్రతి మండలానికీ ఒక చరిత్ర ఉండాలని, ఆ చరిత్రలో జనం బస్సుల్లో వచ్చి చూసిపోదగ్గ చోట్లు అయిదైనా ఉండాలని. నెలాఖరులోగా నింపి పంపమని ఒక ఫారం వచ్చింది. పాలించిన రాజు పేరు, ఓడిపోయిన రాజు పేరు, యుద్ధం జరిగిన తేదీ, కోట పొడవు వెడల్పులు, బస్సులు నిలిపే జాగా, ఇలా గళ్లు గళ్లుగా ఉంది. చేతిరాత బాగుంటుందన్న పాపానికి మండలం మొత్తం ఫారం లోకనాథం నెత్తిన పడింది. పాపం అతను ఎండలో నాలుగు రోజులు తిరిగాడు. రాజులు ఈ దారిన పోయి ఉండవచ్చు గాని ఆగిన దాఖలా ఎక్కడా కనిపించలేదు. అన్ని గళ్లలోనూ "లేదు" అని రాశాడు. బస్సులు నిలిపే జాగా దగ్గర మాత్రం "కావలసినంత" అని రాశాడు.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఆ జవాబు ఊళ్లో లోకనాథం తరవాత చూసిన మొదటి మనిషి పారమ్మ. చూసిందంటే చదివిందని కాదు. లోకనాథం చొక్కా జేబులో ఉండిపోయిన కాగితాన్ని సబ్బునీళ్లలో పడకముందే తీసి, సాయంత్రం ఉతికిన బట్టలతో పాటు పట్టుకెళ్లి ఇచ్చింది. పారమ్మది రేగవలస రేవు. ఊళ్లో అరవై మూడు ఇళ్లూ, ఊరి చివర ఆఫీసర్లు దిగే బంగళా, అన్నిటి బట్టలూ ఆమే ఉతుకుతుంది. యాభై దాటింది, మొగుడు పోయాడు, చేతుల్లో సత్తువ పోలేదు. ఉన్నమాట ముఖానే అనేస్తుంది.

"నీ జేబులో ఏటో కాయితం, బాబూ. తడవనేదు, సూసుకో."

"తడిసిపోయినా బాగుండేది," అన్నాడు లోకనాథం. చదివి వినిపించాడు కూడా. "'లేదు' అను సమాధానము అంగీకరించబడదు. చరిత్ర లేని మండలముల సిబ్బందిపై చర్య గైకొనబడును. సదరు చరిత్రను కనుగొనుటకై ప్రత్యేకాధికారి శ్రీ పరాంకుశం గారిని నియమించడమైనది."

"నేని సరిత్రని ఎలగ కనుక్కుంతారు?" అంది పారమ్మ.

"అందుకే ప్రత్యేకాధికారి," అన్నాడు లోకనాథం.

పరాంకుశం గారు జీపు దిగి బంగళాలో బస చేసిన మర్నాటికే నాలుగు స్థలాలు కనుక్కున్నారు. ఊరవతల బోడికొండ సూర్యాస్తమయ దర్శన కేంద్రం అయింది, ఆ వెనకాల రోజూ సూర్యుడు అస్తమిస్తున్నట్టు సాక్షులున్నారు కాబట్టి. మూతపడ్డ రైసుమిల్లు పొగగొట్టం విజయస్తంభం అయింది. ఎవరి విజయమో తరవాత తేలుస్తామన్నారు. కప్పు లేచిపోయిన బస్‌షెల్టరు శిథిల మండపం. నీళ్లు పడని బోరుబావి అంతర్ధాన గంగ. అయిదోది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. వెతుకుతూ వెతుకుతూ ఆయన లోకనాథాన్ని వెంటేసుకుని గెడ్డ ఒడ్డుకి, అంటే ఊరి వాగు ఒడ్డుకి, పారమ్మ రేవులోకి వచ్చారు.

పారమ్మ ఉతికే బండ వెనక ఒక పెద్ద పలకరాయి నిలబెట్టి ఉంది. దాని నిండా చుక్కలు, గీతలు, కొంకులు, అడ్డబొట్లు, వరసలు వరసలుగా. పరాంకుశం గారు దాన్ని చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదేమిటమ్మా?"

"రాయి బాబూ."

"రాయి సరే. రాయి మీద?"

"గుర్తులు. మా అత్త గీసినాది."

అది నిజం. బట్టలుతికేవాళ్లు ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరడానికి గుడ్డ మూల లోపలివైపు నల్లజీడి రసంతో ఒక గుర్తు పెడతారు. ఇంటికొక గుర్తు. బట్ట చిరిగేదాకా ఆ గుర్తు చెరగదు. పారమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ గుర్తులు ఎంతకీ ఒంటబట్టక మునసబు చీర కంసాలి ఇంట్లో, కంసాలి పంచె మునసబు ఇంట్లో ఇచ్చేసి వచ్చేది. అత్త ఎర్రయ్యమ్మ తిట్టలేదు. ఒక మేకు, ఒక గులకరాయి తీసుకుని నాలుగు రోజులు కూర్చుని, వీధికో వరస చొప్పున అన్ని ఇళ్ల గుర్తులూ ఈ పలకరాయి మీద చెక్కింది. పారమ్మ ఉతుకుతూ, చూసుకుంటూ నేర్చుకుంది. ముప్ఫై రెండేళ్ల కిందటి మాట.

"రాసుకోండి," అన్నారు పరాంకుశం గారు లోకనాథంతో. "స్థానికుల ప్రగాఢ విశ్వాసం ప్రకారం ఇది 'అత్త' అను స్త్రీమూర్తిచే చెక్కబడినది."

"ఇశ్వాసం ఏటి బాబూ? ఆవిడి గీస్తంటే రాయి కదలకండా పట్టుకున్నది నానే."

"ప్రత్యక్షంగా చూసినట్టు చెప్పుకునే సంప్రదాయం కూడా ఉన్నది. అది కూడా రాసుకోండి."

లోకనాథం పారమ్మ వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, రాసుకున్నాడు. అతనికి ఇద్దరు పిల్లలు.

మర్నాడు పారమ్మ మూట ఎత్తుకుని వెళ్లేసరికి రేవు చుట్టూ ముళ్లతీగ ఉంది. పక్కనే పచ్చరంగు బోర్డు. "రక్షిత ప్రాచీన శాసనము. చెక్కించినది అత్తమహాదేవి రాణి. కాలము పరిశీలనలో ఉన్నది. నూరు మీటర్ల లోపల నీరు, సబ్బు, బట్ట, బాదుట నిషిద్ధము." గెడ్డ ఆ రాతికి పది మీటర్ల దూరంలోనే పారుతుంది. పారడానికి దానికి తాత్కాలిక అనుమతి ఇచ్చారట. పారమ్మకి ఇవ్వలేదు.

ఆమె మూట దింపి అక్కడే చాలాసేపు నిలబడింది. గెడ్డ పొడుగునా రాతినేల ఉన్నది ఆ ఒక్క చోటే, మిగతాదంతా బురద. ఊళ్లో బోర్లన్నీ ఉప్పునీళ్లు, సబ్బు నురగ కట్టదు. రేవు పోతే పని పోయినట్టే. ఇది చాలదన్నట్టు ఆ వారమే టౌను నుంచి బట్టలుతికే మెషీన్లు అమ్మే మనిషి ఒకడు మోటారు సైకిలు మీద ఊళ్లోకి దిగి, మాసిన బట్టల గుట్టలు చూసి, ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. నీళ్లు మెత్తబరిచే పెట్టె కూడా ఉచితమట. ఒకసారి మెషీను గుమ్మం ఎక్కితే పారమ్మ మళ్లీ ఆ గుమ్మం ఎక్కక్కర్లేదు. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు.

రాతిని చదవడానికి ఆచార్య వాచస్పతి గారు వచ్చారు. లిపిశాస్త్రంలో ఆయన మాటకి తిరుగు లేదని పరాంకుశం గారు చెప్పారు. ఆయనా అదే చెప్పారు. భూతద్దం పెట్టి పూటంతా చూసి, గట్టు మీద కుర్చీ వేయించుకుని, ఇది ఇంతవరకూ ప్రపంచం ఎరగని లిపి అని తేల్చారు. ఒక వరసలో ఒక గుర్తు కొట్టేసి ఉంది. అది ఒక రాజవంశం పతనం. ఇంకో చోట ఒకేలాంటి గుర్తులు రెండు పక్కపక్కన ఉన్నాయి, రెండోదానికి తోక ఉంది. అది రాజ్యవిభజన, సోదరుల మధ్య యుద్ధం.

తీగ ఇవతల నిలబడి వింటున్న పారమ్మకి ఆగలేదు.

"అది బొత్సోరిల్లు బాబూ. అన్నదమ్ములు ఏరుపడిపోనారు. పెద్దోడికి పాత గుర్తే ఉంచీసి, సిన్నోడికి తోకెట్టినాది. కొట్టీసింది కంసాలోళ్లది. ఆళ్లు ఊరొదిలీసి ఎలిపోనారు. యుద్ధం ఏటీ అవలేదు, గోడకాడ కూసింత తగువాడుకున్నారంతే."

"అమ్మా," అన్నారు వాచస్పతి గారు చాలా మర్యాదగా, "లిపి పరిణామక్రమం అధ్యయనం చెయ్యకుండా శాసనాల గురించి మాట్లాడటం ప్రమాదకరం."

ఆఖరి వరసలో ఆఖరి గుర్తు దగ్గర ఆయన ఆగిపోయారు. గుండ్రంగా ఒక గీత, లోపల ఏమీ లేదు. భూతద్దం దించి, మళ్లీ పెట్టి చూశారు. "సున్నా," అన్నారు. "ప్రపంచంలో అతి ప్రాచీనమైన సున్నా ఇదే కావచ్చు. సున్నా ఎక్కడ పుట్టిందో ఇన్నాళ్లకి తెలిసింది."

"అది బంగళా గుర్తు," అంది పారమ్మ. "అందులో ఆఫీసర్లు ఒస్తారు, పోతారు, ఎవులూ నిలవరు. నిలవనోళ్లకి గుర్తేటని మా అత్త లోపలేటీ ఎయ్యనేదు."

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అప్పుడు పారమ్మ ఒక పని చేసింది. అదే చెయ్యకుండా ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది. ఇంటికి పోయి, ఉతక్కుండా ఉండిపోయిన మూటలోంచి రిటైర్డు హెడ్మాస్టరు సన్యాసిరావు గారి పంచె తెచ్చి, మూల మడత విప్పి చూపించింది. మూడు చుక్కలు, పక్కన కొంకి. రాతి మీద మొదటి వరసలో మొదటి గుర్తు. "సూడండి. అదీ ఇదీ ఒకటే. ఇప్పుడైనా నమ్ముతారా?"

వాచస్పతి గారు పంచె చూశారు, రాయి చూశారు, మళ్లీ పంచె చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పరాంకుశం గారూ," అన్నారు గద్గదంగా, "ఆ లిపి చచ్చిపోలేదండీ. ఇంకా బతికే ఉంది. రాతి మీద శాసనాలు చూశాం, రాగిరేకుల మీద చూశాం. ఇవి వస్త్ర శాసనాలు."

అక్కణ్ణుంచి వ్యవహారం ఎవరి చేతిలోనూ లేదు. నాలుగు రోజుల్లో పరాంకుశం గారి పై అధికారి కమిషనర్ గారి సంతకంతో పదహారు నిబంధనల ఉత్తర్వు ఒకటి దిగింది. రేగవలసలో సదరు లిపి గల ప్రతి వస్త్రమూ రక్షిత పురావస్తువు. దానిని ఉతకరాదు, చింపరాదు, కుట్టరాదు, నీలిమందు పెట్టరాదు. యథాతథ స్థితిలో కాపాడుట యజమాని బాధ్యత. ఏ హోదా గలవారైనను సదరు వస్త్రమును మండలము దాటించరాదు. దాటించబోగా పట్టుబడిన వస్త్రము ప్రదర్శనశాలకు చెందును. కొత్త బట్టలపై ఊరివారు ఈ లిపి వ్రాయుట నకిలీ శాసనముల నేరము క్రిందకు వచ్చును.

ముగ్గురు గుమాస్తాలు ఇంటింటికీ తిరిగి బట్టలు లెక్కబెట్టారు. చీరలు, పంచెలు, దుప్పట్లు, లుంగీలు, లంగాలు, పసిపిల్లల పక్కగుడ్డలు అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు తేలాయి. అయిదు సందర్శనీయ స్థలాలు దొరికితే చాలనుకున్న మండలం నాలుగు వేలతో రాష్ట్రంలో మొదటి స్థానానికి వచ్చింది. పరాంకుశం గారికి ప్రశంసాపత్రం వచ్చింది. బస్సుల్లో జనం రావడం మొదలుపెట్టారు. బొత్సవారి చిన్నకోడలు దండెం మీద ఆరేసుకున్న పాత దుప్పటి దగ్గర నిలబడి ఫొటోలు దిగారు. దుప్పటి తియ్యబోతే "యథాతథ స్థితి" అని గుమాస్తా అడ్డుపడ్డాడు. అది వానలో తడిసింది, ఎండలో ఎండింది, మళ్లీ తడిసింది. కట్టుకున్న వాళ్లకీ అదే గతి. అందరి ఒంటి మీదా చరిత్రే ఉంది, దాని మీద వారం రోజుల చెమట ఉంది. రెండో వారానికి బస్సులవాళ్లు ఊళ్లో దిగకుండా కిటికీల్లోంచే చూసి పోవడం మొదలుపెట్టారు.

మండలం సరిహద్దులో చెక్‌పోస్టు పెట్టి హోంగార్డు బంగారయ్యని నిలబెట్టారు. బంగారయ్య డ్యూటీ అంటే ప్రాణం పెట్టే మనిషి. వచ్చిన ప్రతివాడి కాలరు తిరగేసి, పంచె మూల విప్పి, నడుం పట్టీ మడిచి చూసేవాడు. సన్యాసిరావు మాస్టారు మేనకోడలి పెళ్లికి బయల్దేరి అక్కడ దొరికిపోయారు. పంచె విప్పి అప్పగించి, బంగారయ్య దగ్గరున్న రెండో ఖాకీ పంట్లాం తొడుక్కుని పెళ్లికి వెళ్లారు. పెళ్లివారు ఆయన్ని చూసి బందోబస్తుకి వచ్చాడనుకుని గేటు దగ్గరే కుర్చీ వేశారు. ఆ పంచెని పంచాయతీ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టి, "సన్యాసిరావు వస్త్ర శాసనము, మూడు పంక్తులు" అని చీటీ అంటించారు.

తిరిగొచ్చిన మాస్టారు సరాసరి పారమ్మ ఇంటికి వచ్చారు.

"నేను మెషీనుకి పేరు రాయించేశాను పారమ్మా," అన్నారు. "కోపం తెచ్చుకోకు. గుర్తు లేని బట్టలు కొనుక్కుని ఇంట్లోనే ఉతుక్కోవాలి. ఇంక వేరే దారి కనపడట్లేదు. ఇప్పటికి పదకొండు ఇళ్లవాళ్లు రాయించారు. సోమవారం బండిలో దింపుతాడట."

పారమ్మకి కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. మాస్టారి ముందు ఏడవడం ఇష్టం లేక, లోపల పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయింది. ముప్ఫై రెండేళ్లలో ఒక్క గుడ్డ పోగొట్టలేదు, ఒక్కరి చేత మాట పడలేదు. అలాంటి తన ఇళ్లన్నీ సోమవారంతో చెయ్యి జారిపోతున్నాయి. అది కూడా తను నోరు మూసుకోకుండా పంచె తెచ్చి చూపించబట్టి.

సోమవారానికి ముందు శుక్రవారం నాడు సున్నా జన్మస్థలం ప్రారంభోత్సవం పెట్టారు. దానికి కమిషనర్ గారే వచ్చారు. గురువారం మధ్యాహ్నం ఆయన కారు దిగుతుండగా స్వాగత సంఘంవాళ్లు ఉత్సాహం పట్టలేక బకెట్లతో పసుపునీళ్లు చల్లారు. ఆయన మీదా పడింది, తెరిచి ఉన్న సూట్‌కేసులోనూ పడింది. మూడు జతలూ పచ్చబారిపోయాయి. కమిషనర్ గారు బంగళావాళ్ల దుప్పటి చుట్టుకుని గదిలో కూర్చున్నారు. పరాంకుశం గారు పరుగున పారమ్మ గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, ఇవి వెంటనే ఉతికి, ఇస్త్రీ చేసి తెల్లవారేసరికి ఇవ్వాలి."

"రేవులో ఉతకకూడదు కదా బాబూ. బోర్డెట్టినారు."

"అధికారిక ఉతుకుడుకి నేను ప్రత్యేకానుమతి ఇస్తున్నాను. మూడు జతలకి మాత్రమే. గెడ్డ నీళ్లు చప్పుడు చెయ్యకుండా వాడుకోవాలి."

"మరి గుర్తో? గుర్తెట్టకండా నా సేతిలోంచి గుడ్డ ఎలదు."

పరాంకుశం గారి ఫోను మోగింది. "నీ పద్ధతి ఎలా ఉంటే అలా చెయ్యమ్మా, నన్ను చంపకు," అని ఆయన ఫోనులోకి నమస్కారాలు చేస్తూ వెళ్లిపోయారు.

పారమ్మ తన పద్ధతి ప్రకారమే చేసింది. మూడు వారాల తరవాత నీళ్లలో కాళ్లు పెట్టింది. పసుపు వదిలేదాకా బాదింది. ఆరేసి, మడిచి, నల్లజీడి గింజ పొడిచి, ప్రతి కాలరు కింద, ప్రతి నడుం పట్టీ లోపల గుండ్రంగా బంగళా గుర్తు పెట్టింది. అలా పెట్టేటప్పుడు ఆమె మనసులో ఏముందని తరవాత చాలామంది అడిగారు. ఏమీ లేదని చెప్పింది. నమ్మడం నమ్మకపోవడం అడిగినవాళ్ల ఇష్టం.

శుక్రవారం పొద్దున్న కమిషనర్ గారు తళతళలాడే చొక్కాతో రిబ్బను కత్తిరించారు. మన తాతముత్తాతలు సున్నా ఇచ్చారని, మనం దాన్ని అలాగే నిలబెట్టుకోవాలని మాట్లాడారు. జనం చప్పట్లు కొట్టారు. పన్నెండింటికి కారు బయల్దేరింది. వెనక కారులో పరాంకుశం గారు, వాచస్పతి గారు, సాగనంపడానికి లోకనాథం, ఆ వెనక విలేకర్లు. చెక్‌పోస్టు దగ్గర బంగారయ్య గేటు దించి సెల్యూట్ కొట్టాడు.

"అయ్యా, కాలరు సూపించాలండి."

డ్రైవరు కోప్పడ్డాడు. కమిషనర్ గారు నవ్వి, "క్రమశిక్షణ అంటే ఇదీ," అని విలేకర్లకి చెప్పి, తనే దిగి కాలరు చూపించారు. బంగారయ్య చూశాడు. నడుం పట్టీ మడిచి చూశాడు. సూట్‌కేసు తెరిపించి అవీ చూశాడు.

"ఆరు శాసనాలున్నాయండి," అన్నాడు. "అన్నీ సున్నాలేనండి."

కమిషనర్ గారు కాలరు తడుముకున్నారు. బంగారయ్య గౌరవంగా ఉత్తర్వు తీసి, 'ఏ హోదా గలవారైనను' అన్న చోట వేలు పెట్టి చూపించాడు. కింద ఉన్న సంతకం కమిషనర్ గారిదే.

"మండలం దాటడానికి అనుమతి ఎవరివ్వాలి?" అన్నారాయన.

"తమరేనండి," అన్నారు పరాంకుశం గారు.

"అయితే ఇచ్చాను."

"దరఖాస్తుదారుడు, మంజూరు చేయు అధికారి ఒకరే కారాదని పదకొండో నిబంధన ఉందండి. తమరే చేర్పించారు."

బంగారయ్య దగ్గరికి జరిగి మెల్లిగా, "మాస్టారికిచ్చిన ఖాకీ పంట్లాం ఉందండి, అయ్యకి సరిపోద్ది," అన్నాడు. "అయ్యవి మాత్రం అద్దాల పెట్లో పెట్టాలండి. మాస్టారి పంచి పక్కన జాగా ఉంది." విలేకర్లు కెమెరాలు సర్దుకుంటున్నారు. కమిషనర్ గారికి తన పంట్లాం చీటీతో సహా కళ్ల ముందు కనబడింది. మర్నాడు పొద్దున్నే రాజధానిలో మీటింగు ఉంది.

"ఈ ఉత్తర్వు రద్దు చెయ్యడానికి దారేమిటి?" అన్నారు.

పద్నాలుగో నిబంధన ఉంది. శాసనం ప్రాచీనం కాదని, దాన్ని చెక్కుతుండగా చూసిన ప్రత్యక్ష సాక్షి చెబితే రద్దు చెయ్యొచ్చు. "రాణీగారి కాలం నాటి సాక్షి ఎక్కణ్ణుంచి వస్తాడు?" అన్నారు వాచస్పతి గారు, కొంచెం తృప్తిగానే.

అంతవరకూ వెనక నిలబడ్డ లోకనాథం ముందుకొచ్చాడు. "ఉన్నారండి. రాయి పట్టుకున్న మనిషే ఉంది. మొదటి రోజే చెప్పింది, నేను రాసుకున్నాను. సంప్రదాయం కింద రాయమన్నారు కాబట్టి ఆ గడిలో రాశాను."

కారు పంపి పారమ్మని తీసుకొచ్చారు. ఆమె కారెక్కడం అదే మొదటిసారి. దిగి, కమిషనర్ గారికి దండం పెట్టి నిలబడింది.

"ఏమ్మా, ఆ గుర్తులు ఎవరు చెక్కారో చెప్పు."

"నానేటి సెప్పగలను బాబూ," అంది పారమ్మ. "నాకు సదువు నేదు. సాస్త్రం తెలవకండా మాటాడితే పెమాదమని ఈ బాబు సెప్పినారు."

వాచస్పతి గారు దూరంగా ఉన్న బోడికొండ వైపు చూడసాగారు. పరాంకుశం గారు, "చెప్పమ్మా, చెప్పు తల్లీ," అని బతిమాలారు. అంతకుముందు ఆయన నోటి వెంట తల్లీ అన్న మాట ఆ ఊళ్లో ఎవరూ వినలేదు.

"సెప్తాను. అయితే నా మాట ఒకటి రాయాల." పారమ్మ కమిషనర్ గారి వైపు తిరిగింది. "మా అత్తకి రాణీ పేరెట్టీసినారు. ఆవిడికి రాణీ గీణీ ఒద్దు. ఆవిడి పేరు ఎర్రయ్యమ్మ. బట్టలుతికింది, ఊరందరివీ. తెలివితక్కువ కోడలికి తిట్టకండా పని నేర్పింది. అది రాయండి. రాసి సదివి ఇనిపించండి. అప్పుడు ఏలిముద్దర ఏస్తాను."

కమిషనర్ గారు కారు బానెట్ మీదే చెప్పారు, లోకనాథం రాశాడు. "సదరు గుర్తులు ప్రాచీనములు కావనియు, రేగవలస రేవున బట్టలుతుకు వృత్తి నిర్వహించిన కీర్తిశేషురాలు ఎర్రయ్యమ్మ గారు తన కోడలికి పని నేర్పు నిమిత్తము స్వయముగా చెక్కినవనియు, రేవును, వస్త్రములను తక్షణమే విడుదల చేయడమైనదనియు ఇందుమూలముగా..." లోకనాథం చదువుతుంటే పారమ్మ తల వంచుకుని విన్నది. అత్త బతికుండగా ఆమె పేరు ఏ కాగితం మీదా ఎక్కలేదు. రేషను కార్డులో కూడా తప్పుగానే పడింది. ఇంకోసారి చదవమంది. చదివాడు. వేలిముద్ర వేసింది. బంగారయ్య గేటెత్తి మళ్లీ సెల్యూట్ కొట్టాడు.

ఆ సాయంత్రమే తీగ తీసేశారు. మెషీన్లకి రాయించిన పదకొండు ఇళ్లలో తొమ్మిది మానుకున్నాయి. మిగతా రెండిళ్లలోనూ మెషీన్లు సోమవారం దిగుతాయి. దిగితే దిగనీ, దుప్పట్లు మాత్రం రేవుకే పంపుతామన్నారు. శనివారం పొద్దునకల్లా రేవు గట్టు మీద మూటలు మనిషెత్తు లేచాయి. పారమ్మ చీర ఎగదోపుకుని, మూటలన్నీ విప్పి, రాతి మీద వరస చూసుకుంటూ వీధివారీగా సర్దింది.

తొమ్మిదింటికి పరాంకుశం గారు వచ్చారు. చేతిలో ఆయన మూట ఆయనే మోసుకొచ్చారు. మూడు వారాల క్యాంపు బట్టలు. తన నిబంధన తనే మీరకూడదని అన్నాళ్లూ ఒక్కటీ ఉతికించలేదు. ఆ విషయంలో ఆయన నిజాయితీకి వంక పెట్టలేం, దగ్గర నిలబడ్డవాళ్లు అసలే పెట్టరు.

"నాకు వేరే జిల్లాకి బదిలీ అయిందమ్మా," అన్నారు. "అక్కడేదో మండలానికి సముద్రతీరం లేదట, కనుక్కోవాలి. ఎల్లుండి పొద్దున్న చేరాలి. ముందు నావి ఉతికి ఇచ్చెయ్యి."

పారమ్మ మూట అందుకుని, విప్పి చూసి, గుడ్డలన్నీ లెక్కబెట్టి, అన్ని గుట్టలకీ అవతల చివరాఖర్న పెట్టింది.

"అక్కడ పెట్టావేమిటి?"

"రాతి మీద వరస ఎలగుంటే అలగే ఉతుకుతాను బాబూ. పైవీది మేస్టారిల్లు మొదుల. బంగళా ఆకర."

"నేను ప్రత్యేకాధికారిని కదా. అత్యవసరం కింద..."

"అత్తెవసరం అందరిదీనీ. మూడు వోరాలై ఊరు ఊరంతా మాసిన గుడ్డల్తోనే ఉన్నాది."

"పోనీ, ఎన్నాళ్లు పడుతుందో చెప్పు."

"ఉతకడం ఆపించినోరు మీరు," అంది పారమ్మ. "నాకంటే మీకే బాగా తెలాల."

పరాంకుశం గారు గట్టు మీద నీడ చూసుకుని కూర్చున్నారు. పారమ్మ మాస్టారి పంచె తీసి నీళ్లలో ముంచింది.